సినిమా చివరిదాకా చూసిన గార్డు

చార్జిషీటు అందుకున్న రైల్వే ఉద్యోగి ముందు దేవుడి దగ్గరికి వెళతాడు. దేవుడు పలకకపోతే యూనియన్ ఆఫీసుకు వెళతాడు. అక్కడ టీ ఇప్పించి "చూద్దాంలే" అని పంపేస్తే, అప్పుడు నా క్వార్టర్ వెతుక్కుంటూ వచ్చేవాడు. నేను డిఫెన్స్ హెల్పర్‌ని. వకీలును కాను, యార్డు ఆఫీసులో గుమాస్తాని. మా డిపార్ట్‌మెంటులో ఒక సదుపాయం ఉంది. ఎవరి మీదైనా ఎంక్వైరీ పెడితే, పక్కన కూర్చుని తన తరఫున మాట్లాడడానికి మరో ఉద్యోగిని తెచ్చుకోవచ్చు. రూల్సు కాస్త బట్టీపట్టి, గొంతు కాస్త పెద్దదిగా ఉన్నవాడికి ఆ పని అంటుకుంటుంది. నాకు అంటుకుంది, రిటైరయ్యేదాకా వదల్లేదు.

బిలాస్‌పూర్‌లో పుట్టి పెరిగిన పిల్లలూ, ఇది మీ కోసం రాస్తున్నాను. మీలో సగంమందికి తెలుగు చదవడం రాదని తెలుసు. ఇంట్లో పెద్దవాళ్ళ చేత చదివించుకోండి, వాళ్ళకూ కాలక్షేపం అవుతుంది. మీరిప్పుడు ఫోనులో సినిమా చూసి, అది అయ్యీ అవకముందే నక్షత్రాలు వేసి, ఎవడు వీరుడో ఎవడు వెధవో తేల్చి పారేస్తున్నారు. మీ తాతలూ అంతే. మాకు ఫోనులు లేవు, అంతే తేడా.

ఎనభైల చివరి మాట. మా శ్రీకాకుళం వైపు మనిషే ఒకతను గూడ్సు గార్డుగా ఉండేవాడు. వాళ్ళావిడ పుట్టింటి పేరూ మా ఇంటిపేరూ ఒకటే. అందుకని ఆవిడ నన్ను అన్నయ్యా అనేది, ఆయన బావా అనేవాడు. అంతకు మించి చుట్టరికం లేదు, రైల్వే కాలనీలో ఆ మాత్రం చాలు. మనిషి నెమ్మదస్తుడు. ఇస్త్రీ చేసిన తెల్ల యూనిఫారం, చేతిలో జెండాలు, మెడలో విజిల్. పలకరిస్తే పలికేవాడు, లేకపోతే లేదు.

ఒక సాయంత్రం అతని గూడ్సుబండి ఒక చిన్న స్టేషనుకు ఇవతల సిగ్నల్ దొరక్క నిలబడిపోయింది. బండి చివర బ్రేక్ వ్యాన్‌లో గార్డు ఒక్కడే ఉంటాడు. పక్క పొలంలోంచి ఒక ట్రాక్టరు వచ్చింది, మనుషులు దిగారు. రెండు వ్యాగన్ల సీళ్ళు తెంచి, పంచదార బస్తాలు తీరుబడిగా ట్రాక్టరుకు ఎక్కించుకుని వెళ్ళిపోయారు. గార్డు విజిల్ ఊదలేదు. ఎర్ర జెండా ఊపలేదు. వ్యాన్ వాకిట్లో నిలబడి చూస్తూ ఉండిపోయాడు. అది చాలదన్నట్టు, పోతూ పోతూ ఆ దొంగల్లో ఒకడు గార్డుకు సలాం కొట్టాడు. కాస్త దూరంలో గేటు దగ్గరున్న గేట్‌మన్ అది చూశాడు, చూసింది చూసినట్టు చెప్పాడు.

ఆ సలాంతో అతని కొంప మునిగింది. భయపడి ఊరుకున్నాడంటే ఒకటి, దొంగ సలాం కొట్టాడంటే ఇంకొకటి. దొంగలతో కుమ్మక్కయ్యాడని చార్జిషీటు ఇచ్చారు. రుజువైతే ఉద్యోగం ఊడుతుంది, పింఛనూ ఉండదు. అతనికి రిటైర్మెంటు దగ్గర పడుతోంది. ఊళ్ళో పొలం లేదు, వేరే విద్య రాదు.

కాలనీ మాత్రం డిపార్ట్‌మెంటు కంటే దయగలది. మావాళ్ళు అతన్ని దొంగ అనలేదు, పిరికిపంద అన్నారు. బుధవారీ బజారులో అతను ఎదురైతే చాలు, కుర్రకుంకల దగ్గర్నుంచి మెయిలు డ్రైవర్ల దాకా చెయ్యెత్తి సలాం కొట్టేవాళ్ళు. "సలాం సాబ్, పంచదార ఏ భావు?" అని ధర అడిగేవాళ్ళు. వాళ్ళావిడ రేషన్ లైనులో ముందు నిలబడితే వెనక కిసకిసలు. ఆవిడ లైను చివరికి పోయి నిలబడడం అలవాటు చేసుకుంది.

నేను కేసు తీసుకున్నాను. "అసలు ఏమైందో చెప్పు బావా" అంటే అతను చెప్పేది ఒక్కటే.

"ఏటో బావా. అలగైపోయింది."

అలగైపోయింది అని ఎంక్వైరీలో చెబితే ఉద్యోగం అలగే పోతుంది. నేను రూల్సు పుస్తకం తిరగేసి, "బండి వెనకభాగాన్ని రక్షిస్తూ గార్డు తన స్థానాన్ని వదలలేదు" అని ఒక వాక్యం తయారుచేశాను. చూడ్డానికి బాగుంది. దానితో గెలుస్తామన్న నమ్మకం నాకే లేదు.

సరిగ్గా అప్పుడే ఇన్‌స్టిట్యూట్‌లో ఆ సినిమా వేశారు.

రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో శనివారం శనివారం మైదానంలో తెర కట్టి సినిమా వేసేవారు. ఇళ్ళలోకి టీవీలు వచ్చాక జనం పలచబడ్డారు. ఇన్‌స్టిట్యూట్ సెక్రటరీకి అది తల కొట్టేసినట్టు ఉండేది. లోకోషెడ్డులో ఫిట్టరు, విజయనగరం వైపు మనిషి, నోరు తెరిస్తే మూయడు. ఈసారి అందరూ చూడవలసిన సినిమా తెస్తానని ప్రతిజ్ఞ చేసి, ఒక ఇంగ్లీషు సినిమా పట్టుకొచ్చాడు. గుర్రాలు, తుపాకులు, టోపీలు ఉండే రకం. పోస్టరు మీద పొగ చిమ్ముతూ ఆవిరి ఇంజను ఉంది. ఆయన చూసింది ఆ ఇంజనునే.

"మన డిపార్ట్‌మెంటు సినిమా గురూ. ఫేమిలీలతో రండి" అని క్వార్టరు క్వార్టరుకూ చెప్పించాడు.

ఆ మాట నమ్మి కాలనీ కాలనీ కదిలింది. ముందు వరసలో ఆఫీసర్లకు సోఫాలు వేశారు. గార్డు కేసు చూస్తున్న ఎంక్వైరీ ఆఫీసరు కూడా భార్యతో వచ్చి మధ్య సోఫాలో కూర్చున్నాడు. ఉత్తరాది మనిషి, మీసం ఎప్పుడూ దువ్వినట్టే ఉండేది. "రైల్వే నౌకరీ మే డర్ కే లియే జగహ్ నహీ హై" అనేవాడు, రైల్వే ఉద్యోగంలో భయానికి చోటు లేదని. గార్డును చూసినప్పుడల్లా అది ఇంకాస్త గట్టిగా అనేవాడు. మా గార్డు రానన్నాడు. ఇంట్లో దాక్కుంటే తప్పు ఒప్పుకున్నట్టు ఉంటుందని నేనే బలవంతాన తీసుకొచ్చి వెనక వరసలో కూర్చోబెట్టాను.

సినిమా మొదలైంది. మొదటి నుంచీ వాన, బురద. ఎవడి మొహం చూసినా మసి. మా యార్డులో బొగ్గు దించే చోటు ఇంతకంటే శుభ్రంగా ఉంటుందనిపించింది. కథానాయకుడని మేమనుకున్నవాడికి ముందు పన్ను విరిగి ఉంది. వచ్చీరాగానే ఒకణ్ణి వీపు మీద కాల్చాడు. ఆ చచ్చినవాడి చేతిలో తుపాకీ లేదు. ఈల వేద్దామని వేళ్ళు నోట్లో పెట్టుకున్నవాళ్ళు అలాగే ఉండిపోయారు.

"ఇందులో మంచోడెవడండీ?" అని ఆడవాళ్ళ వైపు నుంచి ఒకావిడ అడిగింది. "మంచోడి సంగతి తర్వాత, ఈ ఊళ్ళో ఎవరైనా స్నానం చేశారా?" అని ఇంకొకావిడ.

మంచోడు ఎవడో తెలియకపోతే మనవాళ్ళకు చేతులు ఎప్పుడు చరచాలో తెలియదు. ఇప్పుడు ఆలోచిస్తే అది మంచి సినిమా అనిపిస్తుంది. ఎవడికి చప్పట్లు కొట్టాలో అది చెప్పదు, నీ చావు నువ్వు చావమంటుంది. మాకు ఆ ఓపిక ఎక్కడిది? అందుకని ఎవరి డిపార్ట్‌మెంటు సినిమా వాళ్ళు చూసుకోవడం మొదలుపెట్టారు. తెర మీద రైలు కనపడగానే డ్రైవర్లు, "అరే, మంట కొట్టేవాడు ఒక్కడే ఉన్నాడేటి, ఆ ఎత్తు ఎలా ఎక్కుతాదిరా బండి" అని తగువు పడ్డారు. స్టేషన్ మాస్టర్లు అందులో స్టేషన్ మాస్టరు తాగి ఉన్నాడని నొచ్చుకున్నారు. బ్రిడ్జి కూలి నలభైమంది చచ్చిపోతుంటే మా ఇంజనీరింగు బాబులు గర్డరు లెక్కలు వేసుకుంటున్నారు. ఎవడి గోల వాడిదే.

అంతలో ఆ సన్నివేశం వచ్చింది. దొంగలు కొండ మలుపులో బండిని ఆపారు. చివరి పెట్టెలో రైలు మనిషి ఒకడున్నాడు, మా లెక్కలో గార్డన్నమాట. వాడు బెంచీ కిందికి దూరాడు. విరిగిన పన్ను వీరుడు కిటికీలోంచి అది చూస్తూ చుట్ట కాలుస్తున్నాడు, కదలడు మెదలడు. మా జనానికి ఇంతసేపటికి ఒక పట్టు దొరికింది. ఒక్కొక్కరే వెనక్కి తిరిగి మా గార్డు వైపు చూడడం మొదలుపెట్టారు. "అదిగో, మన సలాం సాబ్" అన్నాడొకడు. మైదానమంతా నవ్వు. ముందు సోఫాలో ఎంక్వైరీ ఆఫీసరు కూడా మెడ తిప్పి చూసి నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పక్కకు చూస్తే మా గార్డు తెర వైపే చూస్తున్నాడు, రెండు చేతులూ కుర్చీ పట్టెలు పట్టుకుని ఉన్నాయి.

తెర మీద దొంగ తుపాకీ ఎత్తాడు. అదే క్షణంలో తెర వెనక ఢామ్మని పేలింది.

అది సినిమా చప్పుడు కాదు. నేల అదిరింది. తెర ఒక పక్క చిరిగింది, మందు వాసనతో తెల్లటి పొగ లేచింది. "డాకూ ఆగయే", దొంగలొచ్చారని ఎవరో అరిచారు. "ట్రాన్స్‌ఫార్మర్" అని ఒకరు, "బాయిలర్" అని ఒకరు. ఆవిరింజన్లు మూలపడ్డాక కూడా పేలడానికి బాయిలర్ ఎక్కడుందో ఆ అన్నవాడికే తెలియాలి. అంతే, కుర్చీలు ఎగిరాయి. ఇంతసేపూ గార్డును చూసి నవ్విన వీరులంతా ఆడవాళ్ళను తోసుకుంటూ గేటు వైపు పరిగెత్తారు. నేనెక్కడున్నానని అడగకండి. బాడ్మింటన్ కోర్టు అవతల, ఒంటి చెప్పుతో ఉన్నాను.

ముందు వరసలో ఎంక్వైరీ ఆఫీసరుగారి భార్య సోఫాలో ఒక్కతే మిగిలింది. "అజీ, ఎక్కడున్నారు?" అని నాలుగు వైపులా చూస్తోంది. ఆయన సోఫా వెనక నేల మీద బోర్లా పడుకుని ఉన్నాడు. చూసినవాళ్ళం చాలామందిమి ఉన్నాం. ఎవరూ చూడలేదు.

అసలు సంగతి ఇది. మధ్యాహ్నం సెక్రటరీ ఆ రీలు ఒకసారి వేయించుకుని చూశాడు. మా పాత స్పీకర్లలో తుపాకీ చప్పుడు పెసలు వేగినట్టు వినిపించింది. జనానికి మజా ఉండదని ఆయన బెంగపడ్డాడు. చలికాలంలో మంచు దట్టంగా పడితే సిగ్నల్ ముందు పట్టాల మీద ఒక రేకు బిళ్ళ కడతారు. ఇంజను చక్రం ఎక్కగానే అది పేలి డ్రైవరును హెచ్చరిస్తుంది. మేం దాన్ని పటాకీ అంటాం. అలాంటిది ఒకటి సంపాదించి, తెర వెనక పట్టా ముక్క మీద పెట్టి, సమయం చూసి పొడుగు సుత్తితో కొట్టాలని ఆయన ప్లాను. ఒకటి తుస్సుమంటే పరువు పోతుందని ఇంకో రెండు కూడా దాని పక్కన పెట్టాడు. అసలే కోతి, ఆపైన కల్లు తాగింది. ఆయనకు దెబ్బ తగలలేదు గానీ రెండు రోజులు చెవులు అసలు వినపడలేదు. పటాకీలు లెక్కగా ఉంచవలసిన సరుకు కాబట్టి, ఎవరడిగినా ట్రాన్స్‌ఫార్మర్ అనే చెప్పాడు.

కాసేపటికి గేటు దగ్గర గుమిగూడినవాళ్ళం ఊపిరి పీల్చుకుని లోపలికి తొంగిచూశాం. ముందు సోఫాలు కూడా ఖాళీ అయ్యాయి. ప్రొజెక్టరు తిరుగుతూనే ఉంది. పడిపోయిన కుర్చీల మధ్య ఒకే ఒక మనిషి నిటారుగా కూర్చుని చిరిగిన తెర మీద సినిమా చూస్తున్నాడు. మా గార్డు.

పారిపోయిన ఆపరేటరు సిగ్గుపడుతూ వెనక్కి వెళ్ళాడు. ఒక్క మనిషి కూర్చున్నా షో ఆపకూడదు కాబట్టి తర్వాతి రీలు ఎక్కించాడు. మిగతావాళ్ళం ఇళ్ళకు పోయాం. గార్డు చివరిదాకా చూశాడు.

తెల్లారేసరికి కాలనీ మాట మారిపోయింది. "అందరం పారిపోయినాం గానీ ఆడు పులిలాగ కూచున్నాడ్రా" అని మొదలుపెట్టింది మొదట నవ్వినవాడే. కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడని పక్కనున్న తోర్వా బస్తీలో చెప్పారు. ఊళ్ళో తెలిపారా పేట దాకా పోయేసరికి బీడీ కూడా ముట్టించాడని చేరింది. జన్మలో బీడీ ముట్టని మనిషి. సినిమా ముగింపు ఏమిటో ఎవరూ చూడలేదు, అయినా అందరూ చెప్పారు. వీరుడు పెళ్ళి చేసుకున్నాడని ఒకరు, పోలీసైపోయాడని ఇంకొకరు. చూసిన మనిషిని అడుగుదామని ఒక్కడికీ తోచలేదు. నేను అడిగాను.

"అందరూ సచ్చిపోతారు బావా. ఆడొక్కడే మిగుల్తాడు. ఊరికెల్తాడు. ఎవులూ తలుపు తియ్యరు" అన్నాడు. అంతకంటే చెప్పలేదు.

బజారులో సలాంలు ఇప్పుడు నిజం సలాంలయ్యాయి. పాన్‌వాడు డబ్బులు వద్దన్నాడు. రేషన్ లైనులో వాళ్ళావిడను "ముందుకు రండొదినా" అని పిలిచి మొదట నిలబెట్టారు. ఆవిడ వెళ్ళి నిలబడింది. "మా ఆయనకి భయమంటే తెలీదమ్మా, నాకే ఎప్పుడూ బెంగ" అని అందరికీ వినబడేట్టు చెప్పింది. అలా తలెత్తుకుని ఆవిడ మాట్లాడగా నేను చూడడం అదే మొదలు.

నా బుర్రలో దీపం వెలిగింది. ఇంత ధైర్యస్థుడు దొంగలకు లొంగుతాడా, చూడండి సాక్షుల్ని, అని వాదించవచ్చు. సాక్షులుగా రావడానికి జనం క్యూ కట్టారు. సెక్రటరీ అందరికంటే ముందు నిలబడ్డాడు. గార్డు ఒక్కడే ఒప్పుకోలేదు.

"ఆ సినిమా సంగతి ఎత్తకు బావా."

"నీకేం తెలుసు, ఊరుకో" అన్నాను. కేసు నాది, తెలివి నాది అనుకునే రోజులవి.

ఎంక్వైరీ రోజు వచ్చింది. చిన్న గది. బల్లకు అవతల ఆఫీసరు, పక్కన స్టెనో, ఇవతల గార్డూ నేనూ. సాక్షులు బయట బెంచీ మీద. మొదట సెక్రటరీని పిలిచారు. చెవులు ఇంకా సరిగా వినపడక గట్టిగా అరుస్తూ చెప్పాడు.

"ఈడికి భయమన్న మాటే తెలీదు సార్. ట్రాన్స్‌ఫార్మర్ పేలింది. కాలనీ అంతా పరారు. ఈడు కదల్లేదు, కన్నార్పలేదు. శేర్ హై సార్, శేర్."

ఆఫీసరు ట్రాన్స్‌ఫార్మర్ అన్న మాట దగ్గర కాస్త కదిలి, మీసం సవరించుకున్నాడు. స్టెనో అంతా రాసుకున్నాడు. రెండో సాక్షి ఒక డ్రైవరు. ఆయన గార్డును పులి నుంచి సింహం చేశాడు. మూడోవాడు ప్రాణాలంటే లెక్కలేని మనిషన్నాడు. నేను కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. ఇంక ఏముంది, గెలిచాం.

ఆఫీసరు కలం కింద పెట్టాడు. నా వైపు చూశాడు. ఆయన హిందీలో అన్న మాటలు ఈ రోజుకీ చెవుల్లో ఉన్నాయి. "అచ్ఛా. అయితే మీ సాక్షులందరూ చెబుతున్నది, ఈ మనిషికి భయం తెలియదని. మంచిది. భయం లేని మనిషి, దొంగలు బస్తాలు ఎత్తుకుపోతుంటే విజిల్ ఎందుకు ఊదలేదు? భయం వల్ల కాదని మీరే రుజువు చేశారు. మరి ఎందువల్ల?"

ఎందువల్ల అంటే ఇంక మిగిలింది ఒక్కటే, వాటా ఉంది కాబట్టి. పిరికివాడు అన్నన్నాళ్ళూ అతనికి కనీసం ఒక సాకు ఉంది. మా కాలనీ ప్రేమ కొద్దీ అతన్ని సింహం చేసి, ఆ సాకు కూడా లేకుండా చేసింది. ఉరితాడు పేనింది డిపార్ట్‌మెంటు అయితే, దానికి వెన్న రాసింది మేము. నేను రూల్సు పుస్తకం వాక్యం ఎత్తుకున్నాను. "బండి వెనకభాగాన్ని రక్షిస్తూ..." ఆఫీసరు చెయ్యెత్తి ఆపేశాడు.

అప్పుడు గార్డు లేచి నిలబడ్డాడు. హిందీలోనే చెప్పాడు. నాకు గుర్తున్నది మాత్రం మన భాషలోనే.

"భయమే సార్. ఆళ్ళు దిగినప్పుడే నా కాళ్ళు పోయినాయి. విజిల్ నోట్లోనే ఉంది, ఊపిరి లేదు. ఆడు సలాం కొట్టినాడు, నిజమే. నానూ తిరిగి కొట్టినాను. గేటోడు అది చూడలేదు. చెయ్యి దానంతటదే లేచిపోనాది. అప్పట్నించి ఈ చెయ్యి అంటే నాకు అసయ్యం."

స్టెనో రాసుకుంటూ పోతున్నాడు. గార్డు ఆపలేదు.

"ఇన్‌స్టిట్యూట్లో ఏ సింహమూ కూచోలేదు సార్. పేలగానే మళ్ళీ అలగే అయిపోనాది. అందరికీ కాళ్ళున్నాయి, పరిగెట్టినారు. నాకు ఆడలేదు. ఆ తర్వాత లేవొచ్చు. లేవలేదు. ఫాంటు తడిసిపోనాది. గేటు దగ్గర అందరూ చూస్తన్నారు. ఆళ్ళు ఎల్లిపోయేదాక, అది ఆరేదాక కూచున్నాను. సినిమా ఆఖరుదాక అందుకే చూసినాను."

ఆఫీసరు తల దించుకున్నాడు. బల్ల మీద కాగితాలు సర్ది, స్టెనోతో నెమ్మదిగా, "ప్యాంటు సంగతి రాయకు" అన్నాడు. దయతోనే అన్నాడు.

నేను లేచాను. "రాయాలి సార్. మాకున్న డిఫెన్స్ అదొక్కటే" అన్నాను. అంటుంటే నా గొంతు నాకే రోతగా వినిపించింది. ఒక మనిషి సిగ్గును ఫైల్లో ఎక్కించమని ఒత్తిడి చేయడం నా ఉద్యోగమైంది ఆ పూట. ఆఫీసరు గార్డు వైపు చూశాడు.

"రాయండి సార్" అన్నాడు గార్డు.

"దీనికి సాక్షి ఉన్నాడా?"

బయట బెంచీ చివర ప్రొజెక్టరు ఆపరేటరు కూర్చుని ఉన్నాడు. కూర్చున్న మాట నిజమని చెప్పడానికి తెచ్చినవాడు, ఇంకా పిలవలేదు. లోపలికి వచ్చి అడిగింది విని, ముందు గార్డు మొహం చూశాడు. గార్డు తల ఊపాడు. "కుర్చీ నేనే కడిగి పెట్టాను సార్. ఎవరికీ చెప్పలేదు" అన్నాడు. కాలనీ మొత్తంలో ఆ వారమంతా నోరు మూసుకున్న మనిషి అతనొక్కడే.

కుమ్మక్కు రుజువు కాలేదని రిపోర్టు వచ్చింది. ఏదో ఒక శిక్ష వేయకుండా వదిలితే రైల్వేకు నిద్ర పట్టదు కనుక ఒక ఇంక్రిమెంటు ఆపారు. ఉద్యోగం దక్కింది, పింఛను దక్కింది. ఆ రిపోర్టులో ఒక వాక్యం ఉంది. హఠాత్తుగా కలిగే భయం ఎంతటివారినైనా నిశ్చేష్టుల్ని చేయగలదన్నది కింద సంతకం చేసినవారికి తెలిసిన విషయమే, అని. ఎలా తెలుసో రాయలేదు. రైల్వేలో నేను చదివిన కాగితాల్లో అంతకంటే నిజాయితీగల వాక్యం లేదు.

అయితే స్టెనోలకు చేతులే కాదు, నోళ్ళూ ఉంటాయి. ఎంక్వైరీ జరిగిన సాయంత్రానికే కాలనీ అంతా పాకిపోయింది. పాన్‌వాడు పాత బాకీ గుర్తు చేశాడు. సెక్రటరీ నా మీద ఎగిరాడు. "ఎంత మంచి సాక్ష్యం ఇచ్చినాను గురూ, పాడుచేసీసారు కదా" అని. ఆఫీసరును మాత్రం అందరూ పొగిడారు, గొప్ప మనసున్న మనిషని. ఇద్దరూ ఒకే చప్పుడుకు బెదిరారు. ఒకాయన సోఫా వెనక పడుకుని గొప్పవాడయ్యాడు, ఇంకొకాయన కుర్చీలో కూర్చుని అల్లరిపాలయ్యాడు. పిల్లలూ, మీ నక్షత్రాలు వేసేముందు ఇది కాస్త గుర్తు పెట్టుకోండి.

రెండు రోజుల దాకా నాకు వాళ్ళింటికి వెళ్ళడానికి మొహం చెల్లలేదు. గార్డు గురించి కాదు, వాళ్ళావిడ గురించి. రేషన్ లైనులో ఆవిడ తలెత్తుకుని నిలబడ్డది కొన్నాళ్ళే. ఆ తల దించింది నేనే కదా, రాయాలి సార్ అని. చివరికి వెళ్ళాను. గార్డు డ్యూటీకి పోయాడు, అదే లైను, అదే వేళ బండి. ఆవిడ బియ్యం ఏరుతోంది. నేను గుమ్మంలోనే నిలబడి, "ఏమనుకోకమ్మా, ఆ ఫాంటు సంగతి చెప్పించక తప్పలేదు. నీకు ముందుగా ఒక మాట చెప్పవలసింది" అన్నాను.

ఆవిడ చేట పక్కన పెట్టింది.

"ఆ ఫాంటు ఉతికింది నానే కదన్నయ్యా" అంది. "నాకు తెలీదేటి?"

ఆవిడ లేచి, కూర్చోమని పీట వాల్చి, పొయ్యి మీదికి ఎసరు పెట్టింది.